మనుషులు లేని క్యాసెట్

పటాన్‌చెరు బస్టాండు వెనక సందులో అబ్దుల్ కరీం టీవీ రిపేరు దుకాణం ఉండేది. ముందు గదిలో దుకాణం, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక కిరాయికిచ్చే రేకుల గది. ఎనభై ఏడులో ఆ రేకుల గదిలోకి కొత్తగా పెళ్లయిన జంట దిగింది. మొగుడు నర్సింహ, పెళ్లాం కౌసల్య. ఒక ట్రంకుపెట్టె, ఒక కుట్టుమిషను, నాలుగు గిన్నెలు, అంతే సామాను.

నర్సింహది గుమ్మడిదల దగ్గర పల్లె. వాగు పక్కన వరి పండించుకుని తరాలుగా బతికిన ఇల్లు. మందుల కంపెనీలు వచ్చాక ఆ వాగు రంగు మారింది. ఒక ఏడు ఎర్రగా, ఇంకో ఏడు చాయ్ రంగులో, నురగ కక్కుతూ పారేది. పొట్ట మీదున్న వరి కొసల నుంచి మాడిపోయింది. ఆ నీళ్లు తాగిన చూలు బర్రెలు నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి. రెండేళ్లు చూసి, మూడో ఏడు నాగలి పక్కన పెట్టి, నర్సింహ జిన్నారం వైపున్న ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కూలీగా చేరాడు. తండ్రి ఎల్లయ్యకు అది నచ్చలేదు.

"భూమిని సంపినోని కాడికే పనికి పోతవారా?" అని అడిగాడట.

"ఇంకెవని కాడికి పోవాలె నాయనా? ఇక్కడ పని ఇచ్చెటోడు వాడొక్కడే ఉన్నడు," అన్నాడట కొడుకు.

కౌసల్యది భానూరు పక్క ఊరు. ఏడో తరగతి దాకా చదివింది. చేతులు చురుకు. చీరలకు ఫాల్స్ కుడుతూ, జాకెట్లు కుడుతూ సందులో ఆడవాళ్లందరికీ దగ్గరైంది. అందరికంటే ఎక్కువ దగ్గరైంది కరీం భార్య అక్తరీ బేగానికి. ఇద్దరి మధ్య ఒకే బావి, ఒకే గోడ. గోడ మీది నుంచి కూర గిన్నెలు అటూ ఇటూ పోయేవి.

తొంభైలో అక్తరీ బేగం తమ్ముడు దుబాయి నుంచి సెలవు మీద వచ్చి, బావకు ఒక వీడియో గేమ్ డబ్బా ఇచ్చాడు. నల్ల డబ్బా, దానికి తీగలతో రెండు రిమోట్లు, ఒక పసుపుపచ్చ క్యాసెట్. క్యాసెట్ మీద ఇద్దరు సిపాయిలు తుపాకులు పట్టుకుని నిలబడి ఉన్నారు. చుట్టూ ఏవో అక్షరాలు. కరీం చీనా భాష అనుకున్నాడు. జపాన్‌ది అని బామ్మర్ది చెప్పాడు. దుకాణంలో ఒక పాత టీవీకి దాన్ని తగిలించి, గంటకింత అని పెడితే, కంపెనీల నుంచి వచ్చే పోరగాళ్లు వరస కట్టారు.

ఆట ఏమిటంటే, ఆకాశంలో ఎక్కడో ఇంకో లోకం. దాన్ని యంత్రాల రాకాసి ఒకటి పట్టుకుంది. ఇద్దరు సిపాయిలు అందులో దిగుతారు, ఒకరిది నీలి ప్యాంటు, ఒకరిది ఎర్ర ప్యాంటు. కూలిన పట్నం దాటాలి, కదిలే లిఫ్టులెక్కి పైకి దూకాలి, పచ్చటి ఆసిడ్ ట్యాంకుల మీదుగా గెంతాలి, చిట్టచివర రాకాసి కడుపులో ఉన్న కన్నును కాల్చాలి. ఒక్కొక్కరికి కొన్ని ప్రాణాలు. గుండు తగిలితే సిపాయి 'అయ్' అని అరిచి వెల్లకిలా పడి, కాసేపు అక్కడే కదలకుండా ఉండి మాయమయ్యేవాడు.

శుక్రవారం మధ్యాహ్నం కరీం నమాజుకు పోయినప్పుడు దుకాణం మూసి ఉండేది. అట్లాంటి ఒక శుక్రవారం అక్తరీ బేగం కౌసల్యను లోపలి తలుపులోంచి దుకాణంలోకి లాక్కుపోయింది. "రా, మనం గూడ సూద్దం. మొగోళ్లు గంత పిచ్చి లేస్తున్నరు, ఏముందో అందుల," అంది. ఇద్దరూ చెరొక రిమోటు పట్టుకున్నారు. అక్తరీ బేగం సిపాయి మొదటి గుంటలోనే పడి చచ్చాడు. ఆమె నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు తెచ్చుకుని రిమోటు పారేసింది. కౌసల్య మాత్రం నవ్వలేదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు పట్టినట్టు ఊపిరి బిగబట్టి, కూలిన పట్నం సగం దాకా పోయింది.

ఆ తర్వాత శుక్రవారాలు ఆమెవే. ఈ సంగతి నర్సింహకు తెలిసిన రోజున అతను తలుపు దగ్గర నిలబడి చాలాసేపు నోరు తెరుచుకుని చూశాడు.

"ఏమే, నువ్వా ఆడేది?"

"సప్పుడు జేయకు. ఇగ లిఫ్టు కాడికి వచ్చిన."

అతను చెప్పులు విడిచి, వచ్చి పక్కన కూర్చుని, రెండో రిమోటు తీసుకున్నాడు.

కరీం మంచివాడు. ఆదివారం పొద్దున దుకాణం తెరిచేముందు ఆ ఇద్దరికీ ఆట వదిలిపెట్టి, తాను వెనక గదిలో టీవీలు విప్పుకుంటూ కూర్చునేవాడు. నర్సింహది నీలి సిపాయి, కౌసల్యది ఎర్ర సిపాయి. నర్సింహకు తొందర ఎక్కువ. లిఫ్టులు ఎక్కే చోట ఇద్దరిలో ఒకరు ముందు పైకి పోతే తెర కూడా పైకి జరిగేది. కింద మిగిలినవాడు తెర అడుగున పడి చచ్చేవాడు.

"ఓయ్, జెర ఆగు! నేనింక కిందనే ఉన్న!" అని ఆమె అరిచేది.

"నువ్వే జల్దీ రా!" అని అతను అరిచేవాడు. వెనక గదిలో కరీం నవ్వేవాడు.

ఒక మజిలీ అయిపోయి ఇంకోటి మొదలయ్యే ముందు తెర మీద బొమ్మ పడి, దాని కింద జపాన్ అక్షరాలు వరసగా వచ్చేవి. చదవగలిగేవాడు పటాన్‌చెరులో ఎవడూ లేడు కాబట్టి నర్సింహ చదివేవాడు. గొంతు సవరించుకుని, రేడియోలో వార్తల్లాగా, "జవాన్లారా! ముందట ఆసిడ్ ట్యాంకున్నది. మాస్కులు అడగకుండ్రి. ఉన్న ఒక్క మాస్కు సూపర్‌వైజరు సారు పెట్టుకున్నడు," అనేవాడు. ప్రతి ఆదివారం కొత్త మాటలు. ఒకసారి బొమ్మలో ముసలి సేనాధిపతి వస్తే, "కాంట్రాక్టరు రాజారావు పంపిన తాకీదు. సచ్చినోళ్లు సచ్చిన గంటల హాజరు వేసుకోవద్దు," అన్నాడు. రాజారావు అంటే కంపెనీకి కూలీలను పెట్టే మనిషి. కౌసల్యతో పాటు వెనక గదిలో కరీం కూడా నవ్వాడు.

ఆ ఏళ్లలోనే కౌసల్యకు రెండుసార్లు కడుపు వచ్చి నిలవకుండా పోయింది. రెండోసారి డాక్టరమ్మ నాడి చూడకముందే, "ఏ నీళ్లు తాగుతున్నరు?" అని అడిగింది. మొగుడి బట్టలు ఎవరు ఉతుకుతారని కూడా అడిగింది. నేనే అంది కౌసల్య. నర్సింహ బట్టలకు ఎన్ని నీళ్లలో జాడించినా పోని ఒక తియ్యటి వాసన ఉండేది. ఆ రోజు నుంచి తన బట్టలు తానే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. ఆ ఆదివారం ఇద్దరూ ఆట జోలికి పోలేదు. తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లి కూర్చున్నారు. ఎంత ఆడినా రాకాసి కన్ను దగ్గరికి పోవడమే గాని దాన్ని దాటింది లేదు. ఒకసారి అతను చచ్చేవాడు, ఒకసారి ఆమె.

తొంభై నాలుగు వానాకాలంలో ఒక పొద్దున కౌసల్య మిషను ముందు కూర్చుని ఉండగా పోచయ్య వచ్చాడు. పోచయ్య కంపెనీలో నర్సింహతో పాటు ఒకే షెడ్డులో పనిచేసేవాడు, అతనికంటే చిన్నవాడు. లారీ ఎక్కి వచ్చాడు. రెండు చేతులకూ తడి గోనెపట్టా చుట్టి ఉంది. మొహం మసి.

"వదినా, షెడ్డు అంటుకున్నది," అన్నాడు. "అన్న లోపలనే ఉన్నడు. నేను తలుపు కాడున్న, బయటపడ్డ. అన్న మిషను కాడున్నడు."

కరీం స్కూటరు తీశాడు. వాళ్లు చేరేసరికి షెడ్డు కప్పు కూలి పొగ సన్నబడింది. గేటు మూసి ఉంది. గేటు ముందు ఆడవాళ్లు, మగవాళ్లు వానలో నిలబడ్డారు. కొంతసేపటికి రాజారావు గేటు అవతలి వైపు వచ్చి, ఇద్దరికి గాయాలయ్యాయి, పట్నం ఆస్పత్రికి పంపాం, ఎవరి ప్రాణానికీ ఏం కాలేదు, ఇళ్లకు పోండి అన్నాడు.

"నర్సింహ ఏడి?" అని కౌసల్య ఊచలు పట్టుకుని అడిగింది.

"నర్సింహ ఈ రోజు డ్యూటీకి రాలేదమ్మా. ఇంటికెళ్లి చూడండి."

"నేనే సద్ది గట్టి పంపిన."

"రాలేదు," అన్నాడు రాజారావు మళ్లీ. ఆమె మొహంలోకి చూడలేదు. గేటు లోపల సైకిళ్ల వరసలో నర్సింహ సైకిలు వానలో తడుస్తూ ఉంది. పచ్చ సీటు, సీటు మీద ఆమె కుట్టిన బట్ట. అదిగో అని ఆమె చెయ్యెత్తి చూపించేలోగా అతను తిరిగి వెళ్లిపోయాడు. మర్నాడు చూస్తే ఆ సైకిలు అక్కడ లేదు.

శిథిలాలు తీసినప్పుడు ఒక శవం దొరికింది. పోలీసులు గుర్తు తెలియని మనిషి అన్నారు. కౌసల్య పోయి చూసింది. చూడడానికి ఏమీ మిగల్లేదు. నడుముకు కరిగి అంటుకుపోయిన వెండి మొలతాడు, దానికున్న తాయెత్తు, అది చాలింది ఆమెకు. ఆ తాయెత్తు ఎల్లయ్య భార్య బతికున్నప్పుడు కొడుక్కి కట్టించినది. అక్కడ ఆమె ఏడవలేదు. "ఈయన నా పెనిమిటి," అని మాత్రం అంది.

గుర్తు పట్టడంతో కంపెనీ కథ మారింది. చచ్చింది నర్సింహే కావచ్చు, కాని అతను ఆ రోజు పనికి రాలేదు, గోడ దూకి సాల్వెంటు రసాయనం డ్రమ్ము ఎత్తుకుపోవడానికి వచ్చాడు, అతను ముట్టించిన బీడీ వల్లే మంట లేచింది అన్నారు. పేపర్లో జిల్లా పేజీ అడుగున ఆ మాటే నాలుగు వరసల్లో పడింది. కరీం దుకాణంలో ఎవరో చదివి వినిపించారు.

"ఆయన బీడీ తాగడు," అంది కౌసల్య. ఆ మాట ఆమె తర్వాత ఎన్నిసార్లు ఎందరి ముందు అన్నదో లెక్క లేదు.

రాజారావు మనిషి ఒకడు ఇంటికి వచ్చాడు. నర్సింహ ఆ రోజు డ్యూటీలో లేడని సంతకం పెడితే కంపెనీ క్యాంటీన్లో పని ఇప్పిస్తామన్నాడు. అక్తరీ బేగం చీపురు కట్ట పట్టుకుని అతన్ని సందు మొదలు దాకా తరిమింది.

పల్లెలో ఎల్లయ్య తల ఎత్తలేకపోయాడు. వాగు పక్కన భూమి పోయినప్పుడు కూడా అతను నలుగురిలో కూర్చునేవాడు. ఇప్పుడు కల్లు దుకాణానికి పోవడం మానేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనకుండా చూడడమే అతనికి కష్టమైంది.

కౌసల్య నష్టపరిహారం అర్జీ పెట్టి విచారణలకు తిరిగింది. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి బస్సు, బస్సు దిగి నడక, వరండాలో ఎదురుచూపులు, వాయిదా. అధికారులు మారారు. పోచయ్య ఒక్కడే వచ్చి, నేను కళ్లారా చూశాను, నర్సింహ మిషను దగ్గర ఉన్నాడు అని చెప్పాడు. అటు నుంచి ఇద్దరు వచ్చి, మేమూ ఆ షెడ్డు వాళ్లమే, నర్సింహ రాలేదు అని చెప్పారు. ఆ ఇద్దరికీ తర్వాత పర్మనెంటు అయింది. పోచయ్యను ఆ చుట్టుపక్కల ఏ కంపెనీ గేటూ లోపలికి రానివ్వలేదు. అతను ఊరికి పోయి మేకలు కొనుక్కున్నాడు. ఆఖరికి తగిన సాక్ష్యం లేదని అర్జీ కొట్టేశారు. అప్పటికి కంపెనీ చేతులు మారి, గేటు మీద పేరు కూడా మారిపోయింది.

కరీంకు కళ్లలో పొరలు కమ్ముతూ వచ్చాయి. సోల్డరింగు చేస్తే చెయ్యి కాలేది. టీవీల పని తగ్గించుకుని, వీడియో గేమ్ గదిని కౌసల్యకు అప్పజెప్పాడు. "నువ్వు కూర్చో చెల్లె. నాకు ఎవడు ఆడుతున్నడో ఎవడు లేసిపోతున్నడో కనిపిస్తలేదు," అన్నాడు. ఆమె ఒక మూల మిషను పెట్టుకుని కుడుతూ, ఆట చూసుకునేది. బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన పోరగాళ్లు షిఫ్టు దిగి, స్నానమైనా చేయకుండా వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్ల ఒంటి మీది నుంచి ఆ తియ్యటి వాసనే వచ్చేది. కొత్త కొత్త క్యాసెట్లు వచ్చాయి. పసుపుపచ్చ క్యాసెట్ ఎవరైనా అడిగితే తీసి ఇచ్చేది, తను మాత్రం రిమోటు ముట్టలేదు. సిపాయి అరుపు వినపడకుండా టీవీ సౌండు తగ్గించేది.

రెండు వేల సంవత్సరంలో అక్తరీ బేగం తమ్ముడు దుబాయి వదిలి పూర్తిగా వచ్చేశాడు. తన పిల్లలు ఆడి వదిలేసిన ఒక బూడిదరంగు డబ్బాను, కొన్ని క్యాసెట్లను బావకు ఇచ్చాడు. అందులో ఒక క్యాసెట్ పెట్టగానే కౌసల్య మిషను ఆగింది. పాత ఆటలో మోగే పాటే. సౌండు తగ్గించి ఉన్నా ఆమెకు తెలిసిపోయింది.

తల తిప్పి చూసింది. కూలిన పట్నం అదే, గోడలు అవే, గుంటలు అవే. కాని సిపాయిలు లేరు. నీలి ప్యాంటు సిపాయి ఉండాల్సిన చోట ఒక నీలి యంత్రం, కాళ్లు చేతులున్న ఇనుప బొమ్మ. పక్కన ఎర్రది. ఎదురొచ్చే శత్రువులు కూడా, పాత ఆటలో మనుషులైనవాళ్లంతా, ఇందులో యంత్రాలే.

"గిదేంది కరీం భాయ్? మనుషులేరి?"

కరీం తెరకు దగ్గరగా మొహం పెట్టి చూశాడు. "ఇది యూరప్ మాల్ అంట. బామ్మర్ది చెప్పిండు. ఆడ ఒక దేశంల కానూన్ ఉన్నదంట చెల్లె. మనుషులను కాల్చి సంపే ఆట పిల్లలకు అమ్మనియ్యరంట. గందుకని కంపెనీ వాళ్లు మనుషులను తీసేసి మెషీన్లను పెట్టిన్రంట. ఆట అదే."

"బొమ్మ మనిషి సచ్చినా ఊకోరా?"

"ఊకోరంట."

ఆమె లేచి వచ్చింది. కట్టిన చీర కొంగు నడుముకు చెక్కుకుని, నేల మీద కూర్చుని, ఆరేళ్ల తర్వాత రిమోటు పట్టుకుంది. వేళ్లు ఏదీ మరచిపోలేదు. ఎక్కడ దూకాలో, ఎక్కడ వంగాలో వాటికి తెలుసు. లిఫ్టుల దాకా పోయింది. అక్కడ ఒక గుండు తగిలి ఎర్ర యంత్రం పేలింది. అరుపు లేదు. వెల్లకిలా పడడం లేదు. కాసింత పొగ, అంతే. పడ్డ చోట నేల శుభ్రంగా ఉంది.

ఆమె ఆ శుభ్రమైన నేల వైపే చూస్తూ ఉండిపోయింది. ఆటలో ఇంకో ప్రాణం వచ్చి నిలబడి, ఏం చేయాలో తెలియక నిలబడే ఉంది.

"ఇందుల ఎవలు సస్తలేరు కరీం భాయ్," అంది.

"మెషీన్లు కదమ్మ."

"రాజారావు గూడ గింతే జేసిండు. మనిషిని తీసేసిండు. ఆట అట్లనే నడుస్తున్నది."

కరీం బూడిదరంగు డబ్బా స్విచ్చి ఆపాడు.

"పాతది పెట్టు," అంది ఆమె.

పసుపుపచ్చ క్యాసెట్‌ను చాన్నాళ్లుగా ఎవరూ అడగలేదు. లోపలి పిన్నులకు చిలుము పట్టింది. కరీం స్పిరిటు దూదితో తుడిచి, నోటితో ఊది, నల్ల డబ్బాలో పెట్టాడు. మూడోసారికి బొమ్మ వచ్చింది. "నువ్వు గూడ రా," అందామె. కరీం నీలి సిపాయిని తీసుకున్నాడు. కళ్లు సరిగా ఆనకపోయినా తడుముకుంటూ వచ్చాడు. లిఫ్టుల దగ్గర ఆమె పైకి పోకుండా అతని కోసం ఆగింది. ఆసిడ్ ట్యాంకుల దగ్గర అతని ప్రాణాలన్నీ అయిపోయాయి. "ఇగ నాతోని కాదు చెల్లె, నువ్వు పో," అన్నాడు.

ఆమె ఒక్కతే పోయింది. దుకాణంలో ఉన్న ఇద్దరు పోరగాళ్లు తమ ఆట వదిలి వచ్చి వెనక నిలబడ్డారు. రాకాసి కన్ను తెరుచుకుంది. ఆమె కాల్చింది, వంగింది, దూకింది, మళ్లీ కాల్చింది. నర్సింహతో కలిసి అన్నేళ్లు ఆడి దాటలేనిది ఆ మధ్యాహ్నం దాటేసింది. కన్ను పగిలి, తెర తెల్లబడి, రాకాసి కూలిపోయింది. ఎక్కడి నుంచో ఒక విమానం వచ్చి దిగింది. అందులో ఇద్దరికి చోటుంది. ఎర్ర సిపాయి ఒక్కడే ఎక్కాడు.

పోరగాళ్లు చప్పట్లు కొట్టారు. ఆకాశం బొమ్మ మీద జపాన్ అక్షరాలు కింది నుంచి పైకి నెమ్మదిగా పోసాగాయి. ఇదివరకెప్పుడూ చూడని అక్షరాలు, చాలా ఉన్నాయి. కౌసల్య వాటిని చూస్తూ కూర్చుంది. ఎవరో గొంతు సవరించుకుంటారని ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. అక్షరాలన్నీ అయిపోయి తెర మళ్లీ మొదటికి వచ్చాక, రిమోటు నేల మీద పెట్టి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. గేటు దగ్గర ఏడవనిది, శవం దగ్గర ఏడవనిది అప్పుడు ఏడ్చింది. అక్తరీ బేగం వచ్చి పోరగాళ్లను బయటికి పంపి తలుపు వేసింది.

మర్నాడు పొద్దున్నే, నర్సింహ సంగతి మళ్లీ ఎక్కడైనా చెప్పే దారి ఉందేమో అడుగుదామని కౌసల్య బస్సెక్కి పోచయ్య ఊరికి పోయింది. అతను మేకలను తోలుకుపోబోతూ ఆగాడు.

"వదినా, నీ కాడికి నేనే వద్దామనుకున్న," అన్నాడు. "ఊళ్లల్ల దండోరా ఏసిన్రు. మన పాత కంపెనీ ఇంక పెద్దగ చేస్తరంట. అన్న సచ్చిన తావులనే కొత్త షెడ్డు. అధికారులు వచ్చి జనాన్ని అడుగుతరంట, మీకేమన్న అభ్యంతరమా అని."

"ఎవలన్న మాట్లాడొచ్చునా?"

"మైకు ఇస్తరంట."

ఆ మీటింగు రోజున కంపెనీ పక్క ఖాళీ జాగాలో షామియానా వేశారు. ముందు వరసల్లో కంపెనీ మనుషులు, వాళ్లు లారీల్లో తెచ్చిన కూలీలు. ఒక పక్క బిర్యానీ పొట్లాలు పేర్చి ఉన్నాయి. వేదిక మీద అధికారులు. కొత్త షెడ్డు వస్తే ఎంతమందికి పని దొరుకుతుందో ఒకాయన చెప్పాడు. కొందరు రైతులు వాగు గురించి, బోరు నీళ్ల గురించి చెప్పారు. కౌసల్య చెయ్యెత్తి ఎత్తి అలసిపోయాక మైకు ఆమె చేతికి వచ్చింది. ఎల్లయ్య కూడా వచ్చి వెనక గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు.

"నా పేరు కౌసల్య. నా పెనిమిటి పేరు నర్సింహ," అంది. మైకులో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీరు కొత్త షెడ్డు కడతమంటున్న తావుల ఆయన కాలి సచ్చిండు. ఆ దినం డ్యూటీకి రాలేదన్నరు. దొంగ అన్నరు. ఆయన దొంగ కాదు. మీ మిషను కాడ పని చేసుకుంట సచ్చిండు."

"అమ్మా, ఇది పర్యావరణం మీద మీటింగు. సబ్జెక్టు మీద మాట్లాడండి," అన్నాడు అధికారి.

"నాకు గిదే సబ్జెక్టు సారూ. ఇంకోటి తెల్వది."

పోచయ్య లేచి, "నేను కండ్లార సూసిన," అన్నాడు. మచ్చలు పడ్డ రెండు చేతులూ పైకెత్తాడు. అప్పుడు ఎక్కడో మధ్యలోంచి ఇంకొక ఆడమనిషి లేచింది. మైకు లేకుండానే, మా తమ్ముడు అంజయ్య కూడా ఇక్కడే బాయిలరు కాడ పోయిండు, గుండె ఆగి పోయిండని రాసిన్రు అని అరిచింది. ఇంకొకడు ఇంకో కంపెనీ పేరు, ఇంకో మనిషి పేరు చెప్పాడు. కాసేపు షామియానా కింద చచ్చినవాళ్ల పేర్లు తప్ప ఏమీ వినపడలేదు. వీడియో తీసేవాడు ఎటు తిప్పాలో తెలియక కెమెరాను అటూ ఇటూ తిప్పాడు. అధికారి చేతులు ఊపుతూ, "అంతా రికార్డయింది, కూర్చోండి, కూర్చోండి," అన్నాడు.

మీటింగు అయ్యాక కౌసల్య రోడ్డు మీదికి నడుస్తుంటే తెల్ల కారు ఒకటి పక్కన ఆగింది. రాజారావు దిగాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది.

"ఎన్నేళ్లయిందమ్మా. ఇంకా ఎందుకు ఇదంతా?"

"ఆయన ఆ దినం డ్యూటీకి వచ్చిండా, రాలేదా? గదొక్కటి చెప్పు."

రాజారావు ముందుకు చూశాడు, వెనక్కి చూశాడు. డ్రైవరు వైపు అద్దం ఎత్తి ఉంది. దరిదాపుల్లో ఎవరూ లేరు.

"వచ్చాడు," అన్నాడు గొంతు తగ్గించి. "నేనన్నానని ఎక్కడా అనకు." కారెక్కి వెళ్లిపోయాడు.

ఆమె ఆ మాట పట్టుకుని బస్సు స్టాపు దగ్గర కూర్చున్న ఎల్లయ్య దగ్గరికి పరుగులాంటి నడకతో పోయింది. "మామా, వచ్చిండని ఒప్పుకున్నడు. ఇప్పుడే. రాజారావే," అంది.

ముసలాయన ఆమె మొహంలోకి చూశాడు. "పదిమంది ముంగట అన్నడా బిడ్డా?"

"లేదు మామా. నాకే చెప్పిండు."

ఎల్లయ్య తల దించుకుని, కర్ర కొసతో మట్టిలో ఏదో గీస్తూ ఉండిపోయాడు. బస్సు వస్తే ఇద్దరూ ఎక్కారు. ఆ చలికాలం దాటకుండానే ఎల్లయ్య పోయాడు.

కంపెనీకి అనుమతి వచ్చింది. పాత గోడలు పడగొట్టి, ఆ జాగాలోనే పెద్ద షెడ్డు లేపారు. రంగు రేకులతో, పైపులతో రోడ్డు మీదికి కనిపించేది. వీడియో గేమ్ గది ఇంకో నాలుగైదేళ్లు నడిచింది. తర్వాత సందు మొదట కంప్యూటర్లు పెట్టిన దుకాణం వచ్చి పోరగాళ్లంతా అటు పోయారు. కరీం డబ్బాలన్నీ పాత ఇనుపసామాను వాడికి వేసేశాడు. కౌసల్య మిషనుతోనే మిగిలింది. ఆమె ఉండే రేకుల గది పక్కన కరీం ఇంకో రెండు గదులు వేశాడు. కిరాయికి వచ్చేవాళ్లు ఎప్పుడూ కంపెనీ కూలీలే, ఎప్పుడూ వేరే రాష్ట్రాల వాళ్లే.

కొత్తగా ఎవరు దిగినా ఆమె మంచినీళ్ల చెంబు ఇచ్చి, ఏ కంపెనీ అని అడిగేది. జిన్నారం వైపు ఆ కంపెనీ పేరు చెబితే కూర్చోబెట్టి, వచ్చీరాని హిందీలో మొత్తం చెప్పేది. ఏ షెడ్డులో, ఏ మిషను దగ్గర, మనిషి పేరేమిటి, తర్వాత ఏమన్నారు, అంతా. కొందరు మర్యాదకు వినేవాళ్లు. కొందరు ఈమెకు మతి చెడిందనుకునేవాళ్లు. ఒడిశా కుర్రాడు ఒకడు మాత్రం విని, ఆ వారంలోనే పెట్టె సర్దుకుని ఊరికి పోయాడు. మిగిలినవాళ్లు తలూపి, చెంబు తిరిగి ఇచ్చి, షిఫ్టు బస్సుకు టైమవుతోందని లేచిపోయేవాళ్లు.